సీరియల్ నవలలో వరసలు, వయసులు తప్పకుండా

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన కుటుంబం మీద మూడు భాగాల నవల రాస్తున్నాను. మొదటి భాగం పుస్తకంగా వచ్చింది, రెండోది సగంలో ఉంది. ముప్ఫైకి పైగా పాత్రలున్నాయి. ఎవరి సంగతి ఎక్కడ చెప్పానో గుర్తుండక ప్రతిసారీ వెనక్కి పోయి పేజీలు తిరగేస్తున్నాను. వివరాలు రాసిపెట్టుకునే పద్ధతి చెప్పండి.
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి చాలు. ముఖ్య పాత్రకు ఎదురెదురుగా రెండు పేజీలు వదలండి. ఒకటి రెండు అధ్యాయాల్లో కనిపించి పోయేవాళ్లకు నాలుగైదు గీతలు సరిపోతాయి.

ఆ పేజీల్లో ఏం రాయాలన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. పాత్ర గురించి మనసులో ఉన్నదంతా రాసేస్తారు: ఇష్టమైన కూర, చిన్నప్పటి భయం, ముందు ముందు జరగబోయే పెళ్లి. ఆర్నెల్లు పోయాక తెరిచి చూస్తే ఇందులో పాఠకుడికి చెప్పింది ఏది, మనసులోనే ఉండిపోయింది ఏది అన్నది తేలదు. అందుకని నవలలోకి ఎక్కిన సంగతిని మాత్రమే పెన్నుతో రాయండి, పక్కనే భాగం, అధ్యాయం, పేజీ వేయండి. అనుకుంటున్నవన్నీ పెన్సిల్‌తో రాయండి. అనుకున్నది నవలలోకి వచ్చిన రోజున పెన్సిల్ గీత చెరిపి పెన్నుతో దిద్దండి. పేజీ నంబరు లేని వివరాన్ని నమ్మకండి, అది మీ జ్ఞాపకమే తప్ప ఆధారం కాదు.

ఇంకొక్క గుర్తు కూడా వేసుకోవాలి: ఆ మాట ఎవరన్నారు? కథకుడు చెబితే ‘క’, పాత్ర నోటి నుంచి వస్తే ‘పా’. నమూనాగా ఒక పేజీ ఇలా ఉంటుంది:

రాజేశం. పుట్టింది 1958 (క, 1-3-17). ఎడమ కనుబొమ్మ మీద కోత (క, 1-5-31). మిల్లులో చేరింది పద్దెనిమిదో ఏట (పా, లచ్చవ్వ, 1-9-60). ఎడమచేతి వాటం (క, 1-11-74). అప్పు సంగతి తమ్ముడికి చెప్పలేదు (క, 1-12-81).

చివరి గీత చూడండి. రంగు, ఎత్తు, మచ్చ అందరూ రాసుకుంటారు. ఎవరికి ఏం తెలుసన్నది మాత్రం రాసుకోరు, పెద్ద నవలలు ఎక్కువగా పట్టుతప్పేది అక్కడే. రాజేశం పన్నెండో అధ్యాయంలో గుట్టుగా పొలం కుదువ పెట్టాడు. తమ్ముడికి ఆ సంగతి తెలిసేది పందొమ్మిదిలో. పదిహేడులో తమ్ముడు కోపం మీద ‘పొలం తాకట్టు పెట్టినోనివి’ అనేస్తే కథ అక్కడే విరిగిపోతుంది. దీనికి నోట్‌బుక్ చివర్లో ఒక పట్టిక గీయండి. నిలువు వరుసకో పాత్ర, అడ్డం వరుసకో రహస్యం. గడిలో ఆ పాత్రకు ఆ సంగతి తెలిసిన అధ్యాయం నంబరు. ఖాళీగా ఉన్న గడి అంటే ఆ మనిషికి ఇంకా తెలియదని. ఇద్దరి మధ్య సంభాషణ రాయబోయే ముందు ఆ రెండు నిలువు వరుసలు ఒక్కసారి చూసుకుంటే సరిపోతుంది.

వస్తువుల్ని కూడా వదలకండి. గుండ్ల పేరు ఎవరి మెడలో ఉంది, సైకిల్ ఎవరికి అమ్మారు, బావి ఇంటికి ఏ పక్కన ఉంది, తలుపు ఏ దిక్కుకు. ఇంటి ప్లాను వంకరటింకరగానైనా సరే ఒక పేజీలో గీసిపెట్టుకోండి.

ఇప్పటికే అచ్చయిన మొదటి భాగాన్ని రెండు విడతల్లో ఎక్కించండి. మొదటిసారి పెన్సిల్‌తో చదువుతూ పేరు, అంకె, వరస, ఊరు ఈ నాలుగింటి కిందే గీత గీయండి. రెండోసారి ఆ గీతల్ని మాత్రమే నోట్‌బుక్‌లోకి దించండి. రెండు పనులూ ఒకేసారి చేయబోతే కథలో పడిపోయి సగం వదిలేస్తారు. కొత్త అధ్యాయాల్ని మాత్రం రాయడం ముగిసిన రోజే ఎక్కించండి. రాస్తూ రాస్తూ మధ్యలో ఆపి ఎక్కించవద్దు.

ప్రశ్న: మా వారపత్రిక సీరియల్‌లో రెండు కుటుంబాల మధ్య మూడు పెళ్లిళ్లున్నాయి. ఒక పాఠకుడు ‘వీళ్లిద్దరు అన్నాచెల్లెళ్లు అయితరు కదా, పెండ్లి ఎట్ల చేసిన్రు’ అని రాశారు. చూస్తే నిజమే. ఇలాంటివి ముందే పట్టుకోవడం ఎలా?
– రచయిత, జగిత్యాల

జవాబు: వంశవృక్షం గీసి ఊరుకుంటే ఇది దొరకదు. పెళ్లి జరిగే ప్రతి జంటకూ నాలుగు పేర్లు రాయండి: అబ్బాయి తండ్రి ఇంటిపేరు, అబ్బాయి తల్లి పుట్టింటి ఇంటిపేరు, అమ్మాయి తండ్రి ఇంటిపేరు, అమ్మాయి తల్లి పుట్టింటి ఇంటిపేరు.

తండ్రులిద్దరి ఇంటిపేరూ ఒకటైతే ఆగి చూడాలి. వాళ్లు అన్నదమ్ములైతే పిల్లలు అన్నాచెల్లెళ్లే. ఇది అందరికీ తడుతుంది. తట్టనిది రెండోది. తల్లులిద్దరూ అక్కాచెల్లెళ్లైతే తండ్రుల ఇంటిపేర్లు వేర్వేరుగా ఉంటాయి, పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ పిల్లలకు ఆ వరస పెళ్లికి రాదు. తల్లుల పుట్టింటి ఇంటిపేరు రాసిపెట్టుకోకపోతే ఈ తప్పు చివరి అధ్యాయం దాకా దాక్కునే ఉంటుంది. సీరియల్‌లో అత్తమామలు, తల్లిదండ్రులు కనిపిస్తారు కానీ తల్లి పుట్టిల్లు ఏదో రచయిత సాధారణంగా తేల్చడు. మీరు తేల్చి పెట్టుకోండి, కథలో చెప్పకపోయినా సరే. ఒక తండ్రి ఇంటిపేరూ, ఎదుటి తల్లి పుట్టింటి ఇంటిపేరూ కలిస్తే భయం లేదు. అన్న పిల్లలు, చెల్లెలి పిల్లలు కాబట్టి మేనరికం కుదురుతుంది.

ఇక పిలుపులు. ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారో దానికి వేరే పట్టిక కావాలి. పన్నెండు పాత్రలుంటే 132 గడులొస్తాయి, అన్నీ నింపనక్కర్లేదు. నవలలో ఒకరితో ఒకరు మాట్లాడిన జంటలకే నింపండి. గడిలో మూడు సంగతులు ఉండాలి: పిలుపు, ‘నువ్వు’నా ‘మీరు’నా, మొదటిసారి ఎక్కడ. ‘బాపు – నువ్వు – 4వ వారం’. పెళ్లయ్యాక, గొడవయ్యాక, పట్నం పోయొచ్చాక పిలుపు మారితే పాతది కొట్టేయకుండా దాని కింద కొత్తది, మారిన వారం వేయండి. మనుమరాలు హైదరాబాదులో చదివి ‘డాడీ’ అనడం మొదలుపెట్టిందనుకోండి, అది ఏ వారంలో జరిగిందో మీకు తెలిసి ఉండాలి. లేకపోతే మూడు వారాల తర్వాత ఆ పిల్లే ‘బాపూ’ అంటుంది, పాఠకుడు ఆ మార్పులో ఏదో అర్థం వెతుక్కుంటాడు.

మేనమామను చేసుకున్న అమ్మాయి విషయంలో మరీ జాగ్రత్త. అల్లుడికి అత్త వరసైన మనిషి నిన్నటిదాకా అక్క. చాలా ఇళ్లలో ఆ పిలుపు పెళ్లి తర్వాత కూడా ‘అక్కా’గానే ఉండిపోతుంది. అలా ఉంచుతారో మారుస్తారో మీ ఇష్టం, ఒకసారి ఉంచాక మాత్రం అదే నడవాలి. ఇంకొకటి: మన దిక్కు తల్లిని ‘అవ్వ’ అంటారు, రాయలసీమ పాఠకుడికి అవ్వ అంటే నానమ్మో అమ్మమ్మో. మొదటిసారి వచ్చినచోట తల్లి అని తెలిసేలా ఒక వాక్యం పడాలి.

ప్రశ్న: నా నవల 1946లో మొదలై 2024 దాకా నడుస్తుంది. పాత్రల వయసులు, పండుగలు, అప్పటి ఆఫీసుల పేర్లు లెక్క తప్పకుండా చూసుకోవడానికి సులువైన దారి ఉందా?
– పాఠకుడు, ములుగు

జవాబు: వయసు రాసుకోకండి, పుట్టిన సంవత్సరం రాసుకోండి. పొడుగు కాగితం మీద అడ్డంగా కథలో వచ్చే సంవత్సరాలన్నీ వేసి, నిలువుగా పాత్రల పేర్లు వేయండి. 1948 సెప్టెంబరు 17న ఒక పిల్లవాడికి పన్నెండేళ్లు నిండాయని రాశారంటే వాడు 1935 సెప్టెంబరు 18కి, 1936 సెప్టెంబరు 17కి మధ్య పుట్టి ఉండాలి. ఆ తర్వాత ఏ సంవత్సరంలో వాడు కనిపించినా లెక్క ఇక్కడి నుంచే తీయాలి.

ఊళ్లో పెద్దవాళ్లు వయసు చెప్పే తీరులో ఒక ఏడాది తేడా దాగి ఉంటుంది. ‘పన్నెండో ఏడు పడ్డది’ అంటే నిండినవి పదకొండే. ‘పన్నెండేండ్లు నిండినయి’ అంటే వేరు. ఒక పాత్ర పడిన ఏడు చెప్పి, ఇంకో పాత్ర నిండిన ఏళ్లు చెబితే రెండూ ఒప్పే, మీ పట్టికలో మాత్రం రెండు వేర్వేరు పుట్టిన సంవత్సరాలు తేలతాయి. బడిలో రాయించిన పుట్టినతేదీ వేరుగా ఉంటే అదీ రాసిపెట్టుకోండి. ఉద్యోగం, పింఛను, రిటైర్మెంటు అన్నీ దాని మీదే నడుస్తాయి.

పండుగల్లో మేడారం జాతర తప్పు తేలిగ్గా దొరికిపోతుంది. జాతర రెండేళ్లకోసారి, మాఘ శుద్ధ పౌర్ణమికి. 2020, 2022, 2024లో జరిగింది. 2023లో మీ పాత్ర తల్లుల గద్దెల దగ్గరికి పోవచ్చు, మొక్కు చెల్లించవచ్చు, కానీ కిక్కిరిసిన మహాజాతర అప్పుడు ఉండదు. ములుగు పాఠకుడైన మీకు ఇది చెప్పనక్కర్లేదు, రాసే వేగంలో జారిపోతుంది కాబట్టి చెబుతున్నాం.

బతుకమ్మకు చంద్రుణ్ని చూసుకోవాలి. మొదటి రోజైన ఎంగిలిపూల నాడు భాద్రపద అమావాస్య. ఆ రాత్రి వెన్నెల్లో ఆడారని రాస్తే తప్పు. చివరి రోజైన సద్దుల నాటికి అష్టమి, సగం చంద్రుడు ఉంటాడు, నడిరాత్రి అటూఇటుగా అస్తమిస్తాడు. అధిక మాసం వచ్చిన ఏళ్లు వేరే గుర్తు పెట్టుకోండి. 2020లో అధిక ఆశ్వయుజం పడింది. పెత్రమాస, అంటే ఆ భాద్రపద అమావాస్య, సెప్టెంబరు 17న వస్తే దసరా అక్టోబరు 25న వచ్చింది. మామూలు ఏడాదిలో లాగా పది రోజుల్లో దసరా తెచ్చేస్తే ఆ సంవత్సరం కుదరదు. పాత పంచాంగాలు దొరికితే దాచుకోండి, ఈ పనికి అంతకన్నా మంచి పుస్తకం లేదు.

ఆఫీసులు, చిరునామాల విషయానికి వస్తే మీ ములుగే మంచి ఉదాహరణ. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా. ఆ రోజు నుంచి జయశంకర్ భూపాలపల్లి. 2019 ఫిబ్రవరి 17 నుంచి సొంతంగా ములుగు జిల్లా. ఇల్లు కదలని మనిషికి మూడు జిల్లాల చిరునామాలు. హనుమకొండ కూడా 2016లో వరంగల్ అర్బన్‌లోకి పోయి, 2021లో ఆ జిల్లా పేరే హనుమకొండ అయింది. బండి నంబరు వరంగల్‌లో ఏపీ 36, తెలంగాణ వచ్చాక టీఎస్ 03, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. పాత బండ్లు పాత నంబరుతోనే తిరుగుతున్నాయి, కాబట్టి 2020 సీనులో ఏపీ 36 బండి కనిపిస్తే తప్పు కాదు, దాన్ని అప్పుడే కొన్నదని రాస్తే తప్పు.

వెనక్కి పోయేకొద్దీ ఇంకా చూసుకోవాలి. మండలాలు వచ్చింది 1985లో, అంతకుముందు తాలూకా. 1957 ఏప్రిల్ 1కి ముందు కొత్త పైసలు లేవు. నిజాం కాలపు భూమి కాగితాల్లో ఫసలీ సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది. ఫసలీ 1350 అంటే 1940-41. ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగింది 1989లో. 1985 ఎన్నికల్లో పందొమ్మిదేళ్ల కుర్రాడు ఓటేస్తే చదివేవాళ్లలో ఒక్కరైనా పట్టుకుంటారు. ఇవన్నీ సంవత్సరాల కాగితానికి అడుగున ఎర్ర పెన్నుతో ఒకసారి వేసుకుంటే నవల అంతటికీ పనికొస్తాయి.

ప్రశ్న: మా ఊళ్లో నిజంగానే రాజన్నలు, రాజయ్యలు, రాజేశంలు, రాజిరెడ్లు ఎక్కువ. అలాగే రాస్తే పాఠకులు తికమకపడుతున్నారు. పేర్లు మార్చాలా?
– పాఠకురాలు, సిరిసిల్ల

జవాబు: వేములవాడ పక్కన ఉండి రాజన్నలు లేకుండా రాస్తే అది మీ ఊరు కాదు. కొన్ని ఉంచండి. ఊళ్లో జనం చేసేదే మీరూ చేయండి: మిల్లు రాజన్న, బొగ్గుబాయి రాజయ్య. ఆ ముందుమాట మొదటి పరిచయంలోనే పడాలి, ఆ తర్వాత ప్రతి అధ్యాయంలో మొదటిసారి వచ్చినప్పుడల్లా ఉండాలి.

మిగతావాళ్లకు అక్షరాలు పంచండి. నోట్‌బుక్‌లో అ నుంచి హ దాకా ఒక పేజీ రాసి, ఏ అక్షరం కింద ఎవరున్నారో వేయండి. ఒకే అక్షరం కింద ముగ్గురు చేరితే ఒకరి పేరు మార్చండి. మన దిక్కు పేర్లకు కొదవలేదు: కొమురవెల్లి పేరున కొమురయ్య, ఐలోని మల్లన్న పేరున ఐలయ్య, మేడారం తల్లుల పేరున సమ్మయ్య, సారక్క. మొదటి అక్షరం ఒకటే అయినా పేరు పొడవు, చివరి అక్షరం వేరైతే కన్ను పట్టుకుంటుంది. కొమురయ్య, కనకవ్వ కలిసిపోరు. సమ్మయ్య, సారయ్య ఒకే సీనులో ఉంటే కలిసిపోతారు.

ప్రశ్న: కంప్యూటర్‌లో రాస్తాను. పేరు వెతికితే కొన్నిచోట్ల దొరకడం లేదు, ఎందుకు?
– రచయిత, కరీంనగర్

జవాబు: మూడు కారణాలు ఉంటాయి. ఫైలు ‘అను’ అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో ఉంటే యూనికోడ్‌లో (ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగులో) కొట్టిన పేరు అందులో దొరకదు. ప్రెస్సుకు ఇవ్వాల్సిన కాపీ ఎలా ఉన్నా మీ దగ్గర యూనికోడ్ కాపీ ఒకటి ఉంచుకోండి. రెండోది విభక్తి. ‘రాజేశం’ అని వెతికితే ‘రాజేశాన్ని’ అని రాసిన చోట్లు రావు. ‘రాముడు’ అని వెతికితే ‘రాముణ్ని’ రాదు. చివరి అక్షరం వదిలేసి ‘రాజే’ అనో, ‘రాము’ అనో వెతకండి. నడుమ రాజేశ్వరి కూడా వస్తుంది, దాటేయండి. మూడోది కంటికి కనపడనిది. ‘రాజ్‌కుమార్’లో పొల్లు విడిగా కనిపించడానికి కీబోర్డు లోపల ఒక గుర్తు వేస్తుంది. ఒకచోట ఆ గుర్తుతో, ఇంకోచోట లేకుండా కొడితే కంప్యూటర్‌కు అవి రెండు పేర్లు. ‘కుమార్’ అని మాత్రమే వెతికితే రెండూ బయటపడతాయి. కొమురయ్య, కొమ్రయ్య లాంటి రెండు రాతలు ఉన్న పేర్లకు ఏదో ఒకటి మొదట్లోనే ఖాయం చేసుకోండి. రెండోది సంభాషణల్లోనే వస్తుందనుకుంటే ఆ మాట కూడా నోట్‌బుక్‌లో రాయండి.

ప్రశ్న: తప్పు అచ్చయిపోయింది. ఇప్పుడేం చేయాలి?
– రచయిత్రి, కాజీపేట

జవాబు: అందుకే మొదటి జవాబులో ‘క’, ‘పా’ గుర్తులు వేయమన్నాం. తప్పు పాత్ర నోట వచ్చిందైతే మీకు దారి ఉంది. మనుషులు మరిచిపోతారు, అబద్ధం చెబుతారు, విన్నది కలిపి చెబుతారు. తర్వాతి వారాల్లో ఇంకో పాత్ర దాన్ని సరిదిద్దితే చాలు, ఒక్కోసారి కథకు అదే బలమవుతుంది. కథకుడే చెప్పి ఉంటే ఈ దారి మూసుకుపోయినట్టే. పేరు, ఊరు లాంటి చిన్నదైతే పుస్తకంగా వేసేటప్పుడు దిద్దండి. కథ దాని మీదే నిలబడితే తర్వాతి వారం కథ మొదలయ్యే చోటికి పైన ఒక్క వాక్యంలో సవరణ వేయించండి. పాఠకులు దాన్ని గౌరవంగానే చూస్తారు. సాకులు చెప్పే పేరాలు మాత్రం కథలో చొప్పించకండి.

షెర్లాక్ హోమ్స్ కథల్లో డాక్టర్ వాట్సన్‌కు 1887 నాటి మొదటి నవలలో భుజానికి తగిలిన తూటా, 1890లో వచ్చిన రెండో నవలలో కాలికి తగిలినట్టుంది. రెండూ చెప్పింది కథకుడైన వాట్సనే. అందుకే పాఠకులు ఈనాటికీ దాన్ని వదలడం లేదు.

ప్రశ్న: నేను రాయను, చదువుతాను. గ్రంథాలయం నుంచి పెద్ద నవలల సంపుటాలు తెచ్చుకుంటాను. రెండో సంపుటం దొరికేలోపు మొదటిది మరిచిపోతున్నాను. రష్యన్ అనువాదాల్లో పేర్లయితే అసలే గుర్తుండవు.
– పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పుస్తకం గ్రంథాలయానిది కాబట్టి గీతలు గీయలేరు. పోస్టుకార్డంత అట్టముక్క ఒకటి పేజీగుర్తుగా పెట్టుకోండి. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా పేరు, పేజీ, మూడు నాలుగు మాటల్లో ఎవరో. సంపుటం ముగిసిన రోజున అట్ట వెనకవైపు ఎవరెవరు ఎక్కడ ఆగారో ఐదారు వాక్యాలు రాసి, పుస్తకం ఇచ్చేసినా అట్ట దాచుకోండి. పుస్తకం ముందు వంశవృక్షం ఉంటే చూసే ముందు ఆలోచించండి. ఎవరు ఎవరిని చేసుకుంటారో, ఎవరు పిల్లలు లేకుండా పోతారో అందులో బయటపడిపోతుంది.

రష్యన్ పేర్లకు అట్ట మీద మనిషికి ఒకే వరుస కేటాయించి అందులో మూడు పేర్లకు చోటు వదలండి: సొంత పేరు, తండ్రి పేరుతో వచ్చేది, ఇంట్లో పిలిచే ముద్దుపేరు. ఇవానొవిచ్ అంటే ఇవాన్ కొడుకు, ఇవానొవ్నా అంటే ఇవాన్ కూతురు. ఇంటిపేరు కూడా ఆడవాళ్లకు మారుతుంది, ఇవానొవ్ భార్య ఇవానొవా. సొంత పేరు, తండ్రి పేరు కలిపి పిలిస్తే మర్యాద, ముద్దుపేరుతో పిలిస్తే చనువు. అలెక్సాంద్ర్‌నూ సాషా అనే అంటారు, అలెక్సాంద్రా అనే అమ్మాయినీ సాషా అనే అంటారు, కాబట్టి సాషా పక్కన ఆడో మగో తప్పకుండా రాసుకోండి.